ముసలిమాను సామాను

ఒకానొక రాజ్యంలో, ఎదురుచూడటం అంటే ఏమిటో తెలియని రాజు ఒకడుండేవాడు. పేరు ఉద్దండరాయుడు. విస్తరి వేసేలోపే ఆకలి తీరిపోవాలని, గుర్రం ఎక్కేలోపే ఊరు వచ్చేయాలని అనుకునే రకం. మనిషి చెడ్డవాడు కాడు. కోపం ఎంత తొందరగా వచ్చేదో నవ్వూ అంత తొందరగానే వచ్చేది. కానీ ఆ రెండింటికీ నడుమ ఉన్న కాస్త వ్యవధిలో ఎవరి తల ఎగిరిపోతుందోనని కొలువులో వాళ్ళు బిక్కుబిక్కుమంటూ ఉండేవారు.

పాత కోట ఇరుకుగా ఉందని ఆయన అరకోసు దూరంలో, నల్లగుండు అనే గుట్ట మీద కొత్త మేడ కట్టించాడు. మూడంతస్తుల మేడ. టేకు దూలాలు, చెక్కడపు తలుపులు, సున్నం నూరి నునుపు చేసిన గోడలు. వైశాఖంలో ఆవును ముందు నడిపించి, పాలు పొంగించి గృహప్రవేశం చేశాడు. అంతా బాగుంది గానీ ఆ గుట్ట మీద పచ్చగడ్డి పోచ కూడా లేదు. పొద్దెక్కితే రాయి కాలేది, రాయితో పాటు మేడా కాలేది. మధ్యాహ్నం ముంగిట్లో కాలు పెట్టినవాడు గంతులు వేసుకుంటూ లోపలికి పరిగెత్తవలసిందే. రాజుగారు కూడా రెండుసార్లు గంతులు వేశారు. చూసినవాళ్ళు చూడనట్టు గోడవైపు తిరిగారు.

పైగా కొత్త మేడలో ఆయనకు నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు చూసి పాత కోట నుంచి తన నవారు మంచం తెప్పించుకున్నాడు. తర్వాత పాత తలగడ. కొత్త బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయని పాత బావి నీళ్ళు. ఆ తర్వాత పాత వంటవాడు, కాళ్ళు పట్టే ముసలి నౌకరు, చివరికి తెల్లవారుజామున కూసే పాత కోడిపుంజు. నెల తిరిగేసరికి అరవై బళ్ళ సామాను గుట్ట ఎక్కింది. అప్పుడు గానీ ఏలినవారు గుర్రుపెట్టి నిద్రపోలేదు.

ఇంతలో జ్యేష్ఠమాసంలో బావగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. రాజుగారి అక్కను పెళ్ళాడిన మల్లభూపాలుడు పక్క రాజ్యం ఏలేవాడు. బావా బావమరుదుల మధ్య వేళాకోళం మామూలే. కానీ ఈసారి ఉత్తరం చురుక్కుమనిపించింది.

"బావమరిదీ, నీ కొత్త ఇల్లు చాలా గొప్పగా ఉందని విన్నాం. ఆషాఢం వెళ్ళగానే మీ అక్కను తీసుకుని వస్తాం. మా కోటలో నూరు చెట్ల తోట ఉంది గనుక మాకు ఎండ అలవాటు లేదు. గొడుగులు నువ్వు ఇస్తావా, మేమే తెచ్చుకోవాలా, ముందుగా తెలియజేసేది."

ఉద్దండరాయుడు దాన్ని మూడుసార్లు చదివాడు. ప్రతిసారీ ముఖం మరింత ఎర్రబడింది. వెంటనే ఓబులక్కను పిలిపించాడు.

ఓబులక్క పాత కోటలో తోట పని చూసే మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పని. యాభై దాటిన వయసు, పొడుగాటి చేతులు, గోళ్ళ కింద ఎప్పుడూ మట్టి. తక్కువ మాట్లాడుతుంది. ఒక పని చేస్తానని అన్నదంటే ఆ పని అయ్యేదాకా ఇక ఆమెను పక్కకు తిప్పడం ఎవరి వల్లా కాదు. చనిపోయిన ఆమె మొగుడు కూడా ఆ సంగతి అందరికీ చెప్పుకుని వాపోయేవాడు.

కొత్త మేడకు తోట వేయాలని రాజు చెప్పగానే ఆమె ముగ్గుపిండి తట్ట చంకన పెట్టుకుని గుట్టంతా తిరిగింది. ఏడు రోజులు ఒక్క మొక్కా నాటలేదు, ఒక్క గుంతా తవ్వలేదు. ఎండ ఎటునుంచి ఎంతసేపు పడుతుందో చూసింది. నీళ్ళు ఒలకబోసి అవి ఎటు పారుతాయో చూసింది. చూసినచోటల్లా ముగ్గు గీసింది. పడమటి ఎండను ఆపడానికి పెద్ద చెట్లు ఆ వైపు. పొద్దుటి వెలుగు లోపలికి రావాలి గనుక తూర్పున నడుమెత్తు మించని పూలమొక్కలు. వంటింటి నీళ్ళు పారే దారిలో అరటి, కరివేపాకు. స్నానాల గది వెనక మల్లెపందిరి, ఎందుకంటే రాణిగారు తల ఆరబెట్టుకునేది అక్కడే.

ఎనిమిదో రోజు రాజు వచ్చి ఆ గీతలన్నీ చూశాడు. బాగుందన్నాడు. నీడ ఎప్పుడు వస్తుందని అడిగాడు. కూర్చునేంత నీడకు ఐదేళ్ళు, మంచం వేసుకునేంత నీడకు పదేళ్ళు పడుతుందని ఆమె ఉన్నమాట చెప్పింది.

"మా బావ పదేళ్ళకు రాడు. శ్రావణంలో వస్తాడు," అన్నాడు రాజు.

అప్పుడు మంత్రి చౌడరసు ముందుకు వచ్చాడు. ఈయన తలపాగా మేడకన్నా రెండు జానలే తక్కువ. రాజుకు ఏది నచ్చుతుందో దాన్ని రాజుకన్నా ముందు అనడం ఈయన విద్య. ఈ మాత్రానికి ప్రభువులు చింతపడనక్కరలేదన్నాడు. రెండు కోసుల దూరాన కొండావులపల్లె దగ్గర పన్నెండు మామిడి చెట్లున్నాయనీ, ఏనుగులను పెట్టి వేళ్ళతో సహా పెకలించి తెచ్చి ముంగిట్లో నిలబెడితే సరిపోతుందనీ, ప్రభువుల ఆజ్ఞ అయితే చెట్టయినా నడిచి రావలసిందేననీ చెప్పాడు.

ఆ మాట వినగానే ఓబులక్క చంకలోని ముగ్గుపిండి తట్ట కింద పెట్టేసింది. ఎందుకంటే అది ఆమె పుట్టిన ఊరు. ఆ పన్నెండు చెట్లే ఆ ఊరికి పొలం, గాదె, వైద్యుడు, అన్నీ. వాన పడిన ఏడు ఊరగాయకూ తాండ్రకూ పోను మిగిలిన కాయలను ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటారు. వాన పడని ఏడు ఆ ఒరుగులే కూర. ఒరుగులూ అయిపోతే టెంకల లోపలి జీడిని దంచి, పిండి చేసి గంజి కాచుకుంటారు. మూడేళ్ళ కిందటి కరువులో ఆ ఊళ్ళో ఒక్క మనిషీ ఆకలికి చావలేదంటే ఆ గంజి వల్లే.

పెద్ద చెట్టును కదిలిస్తే బతకదని ఆమె చెప్పింది. రాజు ఎదుట ఎదురుమాటా అని మంత్రి కళ్ళెర్రజేశాడు. రాజుకు అప్పటికే చెట్ల కింద కూర్చుని బావగారి ముఖం చూస్తున్నట్టు ఉంది.

"పన్నెండూ నా ముంగిట్లో ఉండాలి. ముసలిమాను అంటారే, ఆ అన్నింటికన్నా పెద్దది నా పడకగది కిటికీ ఎదురుగా ఉండాలి. ఒక్క ఆకు వాడినా నీ తల ఉండదు," అన్నాడు ఓబులక్కతో.

ఇక వాదించి లాభం లేదని ఓబులక్కకు అర్థమయింది. వాదం మానేసింది గానీ పట్టు విడవలేదు. ఆ చెట్ల వేరు ఒక్కటి కూడా తెగనివ్వకూడదని అక్కడే, ఆ ఎండలో నిలబడే నిశ్చయించుకుంది. కాసేపు నేల చూసి తల ఎత్తింది.

"తెమ్మంటే తెస్తాను సామీ. ఒక్క మాట అడగాల. అరకోసు దూరం మారినందుకే ఏలినవారికి నెల దినాలు నిద్ర పట్టలేదు. మంచం వచ్చినాక, పాత బావి నీళ్ళు వచ్చినాక, కోడిపుంజు వచ్చినాక గానీ కుదురుకోలేదు. ముసలిమాను నూరేండ్లు ఒకే తావున ఉండింది. దానికి మాత్రం దాని సామాను వద్దా?"

వెంట వచ్చిన కొలువువాళ్ళలో నలుగురైదుగురికి దగ్గు వచ్చింది. రాజుకు మాత్రం అది న్యాయంగానే తోచింది. తోచడమే కాదు, కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఉద్దండరాయుడి ఇంటికి వచ్చిన చెట్టుకైనా సరే ఏ లోటూ రాకూడదు అనుకున్నాడు. వెంటనే తాటాకు తెప్పించి ఆజ్ఞ రాయించాడు. చెట్లకు అక్కడ ఏమేమి ఉన్నవో అవన్నీ ముందుగా మేడ ముంగిట సమకూర్చవలెననీ, సమకూడిన పిదపనే చెట్టును కదల్చవలెననీ అందులో ఉంది. రాసింది చౌడరసు. రాస్తూ రాస్తూ ఊరుకోక, "అడ్డు చెప్పినవారు ఎంతటివారైనా శిక్షార్హులు" అని చివర తన సొంతంగా ఒక వాక్యం కలిపాడు. రాజు ముద్ర వేశాడు. ఓబులక్క దాన్ని రెండుసార్లు చదివించుకుని విని, కొంగున ముడి వేసుకుంది.

ఆ సాయంత్రానికి ఆమె కొండావులపల్లె చేరింది. ఊరంతా ముసలిమాను కింద చేరి ఉన్నారు. కబురు ముందే వచ్చేసింది. ఊరిపెద్ద నాగన్న చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా, రాజు అడిగితే ఇవ్వక తప్పుతుందా అన్నాడు. సుంకులవ్వ అనే ముసలావిడ చాప మీద ఒరుగులు తిరగేస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. పచ్చడిమాను, తేనెమాను, పీచుమాను అని పేరుపేరునా చెట్లను తలుచుకుని ఆడవాళ్ళు ఏడ్చారు. ఓబులక్కకూ ఏడుపు వచ్చింది. దాన్ని మింగేసి గట్టిగా చెప్పింది.

"చెట్లు కదలవు. కదిలేది మీరు. పది దినాలు మూటాముల్లె కట్టుకుని నా వెంట రాండి. నేను చూపించిన చోట కూర్చోండి. ఈడ రోజూ ఏం చేస్తారో ఆడా అదే చేయండి. ఒక్క పిసరు ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

సుంకులవ్వకు ఒక అనుమానం వచ్చింది. కాయలు తనమీదే రాలుస్తోందని ఆమె ముసలిమానును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిట్టడం అలవాటు. అక్కడ చెట్టే లేకపోతే ఎవరిని తిట్టాలని అడిగింది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళను తిట్టమని ఓబులక్క చెప్పింది.

మర్నాడు పని మొదలయింది. ముందు గుంత కొలత. చెట్టు నీడ ఎంత దూరం పడుతుందో వేరు అంత దూరం పోతుందని తోటపని తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. ఓబులక్క ముసలిమాను నీడను తాడుతో కొలిచి తెచ్చి, ఆ తాడుతో కిటికీ ఎదుట ముగ్గుగీత గీసింది. గీత వసారా దాటింది, గోడ దాటింది, పడకగదిలోకి వెళ్ళి రాజుగారి నవారు మంచం కిందుగా పోయి మళ్ళీ బయటికి వచ్చింది. మట్టిపని చేసే వడ్డెవాళ్ళు గడ్డపారలతో వసారా బండలు లేపడం మొదలుపెట్టారు. చౌడరసు అడ్డం వచ్చాడు. ఆమె కొంగుముడి విప్పి తాటాకు చూపించింది. చివరి వాక్యం చదువుకుని ఆయన వెనక్కి తగ్గాడు.

ఆపైన మట్టి. ముసలిమాను పెరిగింది ఊరి వంక ఒడ్డున పేరుకున్న ఒండ్రులో. నల్లగుండు మీద ఉన్నది ఉత్త రాయి. అందుకని నూటయాభై బళ్ళ ఒండ్రు మట్టి గుట్ట ఎక్కింది. మూడు రోజులు మేడలో ఏ గిన్నె తెరిచినా మట్టే.

నాలుగో రోజున గొర్రెలు వచ్చాయి. ఆ సీమలో భూమికి బలం రావాలంటే గొర్రెల మంద కట్టిస్తారు. కాపరి మందను తెచ్చి పొలంలో ఒకచోట ఆపుతాడు, అవి అక్కడ పడుకుని లేస్తే చాలు, ఆ చోటు ఎరువవుతుంది. ఏటా ముసలిమాను కింద మంద కట్టేవారు గనుక మేడ ముంగిట్లోనూ కట్టారు. నాలుగు వందల గొర్రెలు. తెల్లారేసరికి ఆ వాసన మూడో అంతస్తు దాకా పోయింది. రాణిగారు పుట్టింటికి వెళ్తానన్నారు. ఆషాఢమే కదా అని రాజు సర్దిచెప్పబోతే, పెళ్ళయి పాతికేళ్ళయిందని ఆవిడ గుర్తుచేశారు.

అయిదో రోజున పేడదిబ్బ. మామిడి పూత కాయగా మారాలంటే ఈగలు వాలాలి, ఈగలు రావాలంటే దిబ్బ ఉండాలి. దిబ్బను సరిగ్గా కిటికీ పక్కన పోశారు. ఈగలు ఆజ్ఞ కోసం చూడకుండా వెంటనే వచ్చాయి.

ఆరో రోజున చిలకలను తోలేవాళ్ళు రాళ్ళు విసిరే వడిసెలలు, తప్పెటలు పట్టుకుని దిగారు. గంటకోసారి తప్పెట కొట్టి హోయ్ అని అరవడం వాళ్ళ పని. చెట్టూ లేదు, చిలకలూ లేవు, ఎవరిని తోలుతున్నారని చౌడరసు నిలదీశాడు. అలవాటు తప్పితే చేయి మొద్దుబారుతుంది దొరా అని వాళ్ళు వినయంగా చెప్పి మళ్ళీ అరిచారు. విసురులో జారిన ఒక రాయి ఆయన తలపాగాలో పైన ఉన్న జానెడు భాగాన్ని పడగొట్టింది.

అప్పటికి సుంకులవ్వ వసారాలో చాప పరిచి ఒరుగులు ఆరబెట్టుకుంటోంది. తలపాగా వెతుక్కుంటూ చౌడరసు చాప మీద కాలు పెట్టాడు. ఇంకేముంది, పొద్దుటి తిట్లూ సాయంత్రపు తిట్లూ కలిపి ఒకేసారి కురిశాయి. ఏడు తరాలు కడిగిపారేసింది. మంత్రిగారు తన జన్మలో అన్ని మాటలు ఒకచోట విని ఉండరు.

ఏడో రోజున పంచాయితీ. చెట్టు కింద కూర్చునే ఊరిపెద్దలు ఇక్కడ కిటికీ కింద కూర్చుని, ఎవరి గేదె ఎవరి చేను మేసిందన్న తగవు తీయడం మొదలుపెట్టారు. అది రెండేళ్ళుగా సాగుతున్న తగవు. రాజు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు, తీశాడు, వినడం మొదలుపెట్టాడు. చివరికి ఉండబట్టలేక కిటికీ నుంచి తల బయటపెట్టి తప్పు గేదెగలవాడిదే అని తీర్పు చెప్పాడు. నాగన్న తల ఎత్తి చూసి, పంచాయితీ నడిచేటప్పుడు నడుమ మాట్లాడరాదు సామీ అని చెప్పి మళ్ళీ తన వాదనలో పడ్డాడు.

దానితో ఉద్దండరాయుడి ఓపిక, ఉన్న కాస్తా, అయిపోయింది. కత్తి పట్టుకుని వసారా మెట్లు దిగాడు. గొర్రెలు దారి ఇవ్వలేదు. వాటిని తోసుకుంటూ, మట్టిలో జారుతూ, ఈగలు తోలుకుంటూ వచ్చి ఓబులక్క ఎదుట నిలబడ్డాడు. తప్పెట్లు ఆగిపోయాయి.

"నేను అడిగింది చెట్లు. నువ్వు తెచ్చింది ఊరు," అన్నాడు.

"ఊరు కాదు సామీ. ఇది ఒక్క ముసలిమాను సామానే. ఇంకా పదకొండు చెట్ల సామాను దారిలో ఉండాది."

రాజు అప్రయత్నంగా దారివైపు చూశాడు. గుట్ట కింద నిజంగానే బళ్ళు కదులుతున్నాయి.

"రేపు వచ్చేది తేనెమాను సామాను. అందులో కొండతేనెటీగల పట్లు నాలుగు ఉండాయి. వాటికి ఏలినవారి కిటికీ బాగుంటుందని అనుకుంటా ఉన్నాను," అంది ఓబులక్క.

రాజు మంత్రివైపు తిరిగాడు. అడ్డు చెప్పినవారు శిక్షార్హులు అన్న వాక్యం ఎవరు కలిపారని అడిగాడు. చౌడరసు, మిగిలిన తలపాగాను సర్దుకుంటూ, వాక్యం తనదే గానీ ముద్ర ప్రభువులదని గొణిగాడు. ఆ మాటకు గొర్రెలే జవాబు చెప్పాయి.

చివరికి రాజు గొంతు తగ్గించి, ఇవన్నీ తెచ్చినాక అయినా చెట్టు బతుకుతుందా అని అడిగాడు. అడిగిన తీరులో కోపం లేదు. ఓబులక్క కూడా ఇక వేళాకోళం ఆడలేదు.

"బతకదు సామీ. వేరు తెగినాక ఏమిచ్చినా బతకదు. ఆ మాట ఉత్తచేతులతో చెప్తే ఏలినవారి చెవికెక్కలేదు. అందుకని ఇంతా మోసుకొచ్చి చెప్పినాను. కరువులో ఈ అవ్వ, ఈ నాగన్న, ఆ కాపరి, అందరూ ఆ చెట్ల టెంకల గంజి తాగి బతికినారు. ఆ చెట్లు పోతే ఆ ఊరు పోతాది. నా తల తీసినా ఇదే మాట చెప్తాను."

ఉద్దండరాయుడు చుట్టూ చూశాడు. సుంకులవ్వ చాప పక్కన కూర్చుని ఆయన వంకే చూస్తోంది. ఆ చూపులో భయం ఉంది. తిట్టడం అలవాటున్న మనిషి కళ్ళలో భయం చూడటం ఆయనకు అదోలా అనిపించింది. కత్తి ఒరలో పెట్టాడు. పెడుతూ ఉండగా ఈగ ఒకటి ముక్కు మీద వాలింది. మూతి ఎంత బిగించుకున్నా మీసం కదిలింది.

"చెట్లు ఉన్నచోటే ఉండనీ. కానీ మా బావ వచ్చి నవ్వితే?" అన్నాడు.

"నవ్వనీయండి. నవ్వినాక ఆయన సంగతి నేను చూసుకుంటాను."

అప్పటికి ఆషాఢం వానలు మొదలయ్యాయి. అప్పుడు గానీ రాజు ఒక విషయం గమనించలేదు. గడ్డి మొలవని ఆ గుండు మీద ఇప్పుడు నడుంలోతు ఒండ్రు ఉంది. దాని మీద నాలుగు వందల గొర్రెల ఎరువుంది. పక్కనే పేడదిబ్బ ఉంది. నేల తవ్వి ఉంది. పనికి ఊరెడు జనం ఉన్నారు. తోటకు కావలసిందంతా ఆయన కళ్ళముందే, ఆయన ముద్రతోనే గుట్ట ఎక్కింది. ఓబులక్క మళ్ళీ ముగ్గుపిండి తట్ట చంకన పెట్టుకుంది. కొండావులపల్లె వాళ్ళు పది రోజులు అనుకున్నది ఇరవై రోజులుండి మట్టి సర్దారు, అరటి పిలకలు పెట్టారు, మల్లె అంట్లు నాటారు. తొందరగా అల్లుకునే సొర, చిక్కుడు పాదులు పెట్టి పందిళ్ళు వేశారు. వసారా బండలు తిరిగి పరిచారు. పడమటి వైపు కొత్తగా తవ్వించిన పన్నెండు గుంతలను మాత్రం పూడ్చకుండా ఉంచమని ఓబులక్క చెప్పింది. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు.

శ్రావణం రాగానే మల్లభూపాలుడు దిగాడు. వెంట అక్కగారు, ఆయన మీద పట్టడానికి ఏడు గొడుగులు. ముంగిట్లో మోకాలెత్తు మొక్కలు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ నీడలో కూర్చోవాలంటే చీమగా పుట్టాలి బావమరిదీ అన్నాడు. ఉద్దండరాయుడు పళ్ళు కొరుక్కుంటూ ఓబులక్క వైపు చూశాడు.

ఆమె పసుపు, కుంకుమ, ఒక మామిడి మొక్క పెట్టిన పళ్ళెంతో వచ్చి అక్కగారి ఎదుట నిలబడింది. కొత్త ఇంటి తోటలో మొదటి చెట్లు ఆ ఇంటి ఆడపడుచూ ఆమె మగడూ తమ చేతులతో నాటాలనీ, అలా నాటితేనే తోట కాపుకొస్తుందని తమ పల్లెల్లో ఆచారమనీ, అందుకే ఇంతకాలం గుంతలు అట్టే ఉంచామనీ చెప్పింది. తన కోసం తోటే ఆగిందని వినేసరికి అక్కగారి కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే కొంగు నడుముకు చుట్టారు. మల్లభూపాలుడు గొడుగు పట్టేవాడి వైపు చూశాడు. అక్కగారు మల్లభూపాలుడి వైపు చూశారు. ఆయన పార అందుకున్నాడు.

ఒక్క మొక్కతో అయిపోతుందని అనుకున్నాడు పాపం. గుంతలు పన్నెండు. ఒక్కొక్క గుంతలో వాననీళ్ళు. నీళ్ళు తోడాలి, అడుగున ఎరువు వేయాలి, మొక్క నిలబెట్టాలి, మట్టి కాలితో అదమాలి. ఇంకొంచెం అదమండి దొరా, ఇంకొంచెం, వేరు కదలకూడదు అని ఓబులక్క పక్కనే నిలబడి చెబుతూ ఉంది. గొడుగులు పట్టినవాళ్ళు బురదలోకి రాలేక గట్టు మీదే ఉండిపోయారు. పన్నెండోది నాటి పైకి వచ్చేసరికి ఏలిక ఎవరో వడ్డెవాడు ఎవరో పోల్చుకోవడం కష్టమయింది. చిక్కుడు పందిరి కింద చతికిలబడి మజ్జిగ అడిగాడు. నడుము పట్టుకుని, మా తోటలో నూరు చెట్లున్నాయి గానీ ఇంత కష్టం ఎన్నడూ ఎరగను అన్నాడు.

"ఎట్ల ఎరుగుతారు దొరా? ఆ నూరూ తోటమాలులు నాటినవి. మా సామి తోటలో పన్నెండు చెట్లు ఒక రాజు దిగి నాటినవి. రాజును తోటపనికి పెట్టుకున్న రాజు భూమ్మీద ఇంకొకరు ఉండారా?" అంది ఓబులక్క.

ఉద్దండరాయుడు ఫక్కున నవ్వాడు. నవ్వి నవ్వి పందిరి గుంజ పట్టుకోవలసి వచ్చింది. అక్కగారు నవ్వారు. కాసేపటికి మల్లభూపాలుడు తన బురద కాళ్ళు తాను చూసుకుని తనూ నవ్వాడు. వచ్చే ఏడు వచ్చి తన మొక్కలు ఎంత ఎదిగాయో కొలిచి చూస్తానన్నాడు.

ఆ నవ్వులోనే రాజు తన చేతి బంగారు కంకణం తీసి ఓబులక్కకు ఇచ్చాడు. కొండావులపల్లె పన్నెండు చెట్లనూ తన వంశంలో ఎవరూ ఎన్నడూ ముట్టరాదని అప్పటికప్పుడు అందరి ఎదుటా ప్రకటించాడు. వేడుక చూడవచ్చిన నాగన్న అక్కడే నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఓబులక్క దండం పెట్టి వెళ్ళబోతుంటే రాజు మళ్ళీ పిలిచాడు.

"అంతా బాగానే ఉంది గానీ, వచ్చే వేసవికి ఈ మొక్కలు నాకు నీడనివ్వవు. ఆ ఎండలో నేనెక్కడ తలదాచుకునేది?"

"ముసలిమాను కింద సామీ. దాని సామానంతా ఈడికి మోసుకొచ్చే దానికన్నా, ఏలినవారిని ఆడికి మోసుకుపోవడం తేలిక."

రాజు మళ్ళీ నవ్వాడు. అన్నట్టుగానే వైశాఖంలో ఒక్క బండిలో ఒక్క మంచం వేసుకుని కొండావులపల్లె వెళ్ళాడు. ముసలిమాను కింద ఊరివాళ్ళు చోటు చూపిస్తే అక్కడే పడుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయాడు. ఆడవాళ్ళు ఆయన మంచానికి కాస్త ఎడంగా కాయలు కోసుకుంటూ పని చేసుకున్నారు. ఓబులక్క మాత్రం ఆ పూట నల్లగుండు మీదే ఉంది. మొక్కలు నడుమెత్తుకు వచ్చాయి, నీళ్ళు పెట్టే పని ఆమెకు ఇంకా చాలా ఉంది.